సగం కథతో మా పిల్లలు ఆగమైతున్నరు
సీరియళ్లు, వెబ్ సిరీస్‌లు రాసేవారికి, తీసేవారికి, ప్రసారం చేసేవారికి ఒక పాలమూరు టీచర్ బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా, నమస్కారం.

విషయం: టీనేజీ పిల్లల ఫోన్ పరిచయాలను, ప్రేమలను, మత్తు అలవాట్లను మీరు చూపిస్తున్న తీరు గురించి.

పుట్టింది దేవరకొండ దగ్గర, పని చేస్తున్నది పాత పాలమూరు జిల్లాలో. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్‌ను. సర్వీసు పందొమ్మిదేళ్లు. ఈ లేఖ కింద నా పేరు ఉండదు. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఈ లేఖలో నేను చెప్పబోయే పిల్ల ఎవరో తెలుస్తుంది. బాధితులైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని పోక్సో చట్టం, అంటే పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే చట్టం, చెబుతున్నది. చట్టం చెప్పకపోయినా బయటపెట్టేదాన్ని కాను.

ముందు జూలైలో ఒక ఛానెల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. తర్వాత ఒక ఓటీటీ సంస్థకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. 2021 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 15 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. నెంబరైతే ఆ రోజే వచ్చింది. ఇరవై రెండో రోజు 'మీ అభిప్రాయాన్ని మా క్రియేటివ్ టీమ్‌కు పంపాం' అని ఒక్క ముక్క వచ్చింది. నేను రాసిన నాలుగు పేజీలలో ఒక్క ప్రశ్నకూ సమాధానం లేదు. అందుకే ఇప్పుడు అందరి ముందు రాస్తున్నాను.

నేను మీ కథలను ఆపమనడానికి రాయడం లేదు. పిల్లల జీవితాల్లో ఇవన్నీ ఉన్నాయి, చూపించాల్సిందే. మీరు సగం చూపించి వదిలేస్తున్నారు. ఆ సగంతో ఇక్కడ ఏం జరుగుతున్నదో కింద రాస్తున్నాను.

1. మీ సీరియళ్లు పిల్లలు చూడరు, నాయనమ్మలు చూస్తారు.

మా బడిలో చాలామంది పిల్లల అమ్మానాన్నలు ఊర్లో ఉండరు. 'పాలమూరు లేబర్' అన్న పేరు మీరు వినే ఉంటారు. ముంబై, పుణె, హైదరాబాద్, ఎక్కడ కట్టడం లేస్తే అక్కడ మావాళ్లుంటారు. నీళ్లొచ్చిన ఊర్లలో వలస తగ్గిన మాట నిజమే గాని తండాలలో, మెట్ట ఊర్లలో ఆగలేదు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరుగుతారు. సాయంత్రం ఏడింటికి టీవీ ముందు కూర్చునేది ఆ ముసలివాళ్లే. అదే వేళకు పిల్లలు ఫోన్‌లో మీ వెబ్ సిరీస్‌ల ముక్కలు, రీల్స్ చూస్తుంటారు. ఒకే గదిలో రెండు తెరలు. పిల్లకు ఆశ పుట్టించేది చిన్న తెర. పిల్లను ఏం చేయాలో పెద్దవాళ్లకు నేర్పేది పెద్ద తెర. ఈ రెండో మాట మీ మీటింగుల్లో ఎప్పుడైనా వచ్చిందా అని నా అనుమానం.

2. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి.

అమ్మానాన్న పుణెలో సెంట్రింగ్ పనికి పోయారు. తండ్రి పోతూ పోతూ పాత ఫోన్ చేతిలో పెట్టాడు, మాట్లాడుకోవడానికి. రాత్రి తొమ్మిదికి అమ్మ వీడియో కాల్ చేసేది. పొద్దంతా తట్టలు మోసిన మనిషి, పది నిమిషాలు మాట్లాడి అట్లనే నిద్రపోయేది. కాల్ ఆగేది గాని ఫోన్ పిల్ల చేతిలోనే ఉండేది. ఆ ఇంట్లో ఫోనంటే అమ్మే. 'ఫోన్ గుంజుకోండి' అని సలహా చెప్పేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇన్‌స్టాలో ఆ పిల్ల ఇంకో పేరు పెట్టుకుంది, ఊరు కూకట్‌పల్లి అని రాసుకుంది. ఒకడు పరిచయమయ్యాడు. ఇంటర్ చదువుతున్నానన్నాడు, తర్వాత తేలిందేమంటే ముప్పై దాటినవాడు. మూడు నెలలు ఒట్టి మాటలే. వాయిస్ మెసేజ్ పెడితే 'నీ మాట మస్తుంటది, అట్లనే మాట్లాడు' అన్నాడట. పిల్ల నాకు ఏడ్చుకుంటూ చెప్పిన వాటిలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇదే. అప్పటిదాకా ఆ పిల్ల మాటను మెచ్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. బడిలో మేమూ 'సరిగా మాట్లాడు' అనే అన్నాం.

ఫొటో అడిగాడు, పంపింది. ఇంకో రకం ఫొటో అడిగాడు, అదీ పంపింది. మూడోసారి పంపనంది. పంపకుంటే మీ ఊరి గ్రూపులో పెడతానన్నాడు, పెట్టాడు. నాకు తెలిసేసరికి ఊర్లో సగం ఫోన్లు చూశాయి.

సరిగ్గా ఆ నెలలోనే ఒక సీరియల్‌లో ఇట్లాంటి కథే నడిచింది. చిన్న కూతురి ఫొటోలు బయటికొస్తాయి. రెండు వారాల పాటు చెంపదెబ్బలు, ఒక్కో దెబ్బ మూడు సార్లు మూడు వైపుల నుంచి. తల్లి స్పృహ తప్పుతుంది. పోలీస్ అన్న మాట ఒక్కరి నోట రాదు. ఆఖరికి పెద్దన్న 'పరువు కోసం' మేనబావతో తాళి కట్టిస్తాడు, శుభం. నేను నాయనమ్మ దగ్గరికి పోయి కేసు పెడదాం అంటే ఆమె ఏమందో మీకోసం ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "టీవీల గూడ గట్లనే చేసిండ్రు గద టీచరమ్మా. పెండ్లి చేస్తె నోర్లు మూతబడతయ్."

వారంలో సంబంధం కుదిరింది. పిల్లల సాయానికి ఉన్న నెంబరు 1098కి ఫోన్ చేశాను. అధికారులు వచ్చారు, పెండ్లి ఆగింది, వాడి మీద కేసైంది. పిల్లను మాత్రం తల్లిదండ్రులు పుణె తీసుకుపోయారు. మా పదో తరగతి హాజరు పట్టీలో ఇప్పుడు ఆ పేరు లేదు.

ఇది ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి 18 నిండకముందే పెండ్లయింది. పేదరికం, వలస, కట్నం, కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ మీ మెడకు చుట్టను. కానీ 'ఫోన్‌లో దొరికింది' అన్నది మా ఊర్లలో ఈమధ్య వచ్చి చేరిన కారణం. దానికి మందు పెండ్లి అని చెప్తున్నది మాత్రం మీరే.

ఆ సీరియల్‌లో చెప్పాల్సింది ఎంత? పద్దెనిమిది నిండని పిల్ల అట్లాంటి ఫొటో పంపితే, దాన్ని అడిగినవాడు, పంచినవాడు నేరస్తులు, పోక్సో కింద, ఐటీ చట్టం 67బి కింద. పంచే ఉద్దేశంతో తుడిచేయకుండా దాచుకున్నవాడు కూడా తప్పించుకోలేడని 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు తేల్చింది. అంటే ఊరి గ్రూపులో చూసి, పక్కవాడికి పంపుదామని ఫోన్‌లో పెట్టుకున్న పెద్దమనుషులందరి మెడ మీదా కత్తి ఉంది. ఈ ముక్క ఒక కానిస్టేబుల్ పాత్ర అర నిమిషంలో చెప్పగలడు. మీరు చెంపదెబ్బకు ఇచ్చే టైము కన్నా తక్కువ.

3. మా మాట.

మీ సీరియళ్లలో ఇంటి యజమానులు రెండున్నర జిల్లాల భాష మాట్లాడతారు. మా యాస పనిమనిషికి, రౌడీకి, నవ్వించేవాడికి. ఇది పాత ఫిర్యాదే, రాష్ట్రం రాకముందు నుంచీ ఉన్నదే, సినిమాల్లో కొంత మారింది కూడా. సీరియళ్లలో మారింది తక్కువ. పద్నాలుగేళ్ల పిల్లకు 'నేనెవరు' అన్న ప్రశ్న మొదలయ్యే వేళ ఇది. అప్పుడు తెర మీద తనలా మాట్లాడే మనిషి ఎప్పుడూ గిన్నెలు తోముతూనే కనిపిస్తే, తన ఊరు దాచిపెట్టి కూకట్‌పల్లి అని రాసుకుంటుంది. అట్లా దాచుకున్న పిల్లకు, దాచిన దాన్ని మెచ్చుకునేవాడు దేవుడిలా కనిపిస్తాడు. పై పిల్ల పడింది ఫొటోల గుంతలో కాదు, అంతకు ముందే ఈ గుంతలో పడింది.

ఈ లేఖ నేను కూడా పుస్తకాల భాషలోనే రాస్తున్నాను, చూడండి. మా యాసలో రాస్తే కామెడీ అనుకుంటారని భయం.

4. వెంటపడే హీరో.

చిన్న విషయం, చిన్నగానే చెప్తాను. బడి పిల్ల వెంట బండి మీద నెలల తరబడి తిరిగేవాడిని మీరు హీరో అంటారు. పోక్సో 11వ సెక్షన్ దాన్ని లైంగిక వేధింపు అంటుంది, శిక్ష మూడేళ్ల దాకా ఉంటుంది. మా ఊరి పందొమ్మిదేళ్ల పిల్లగాళ్లకు ఈ సంగతి పోలీస్ స్టేషన్‌లోనే మొదటిసారి తెలుస్తున్నది.

5. మత్తు గురించి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి.

మీ కథల్లో మత్తు అంటే హైదరాబాద్ పబ్బు, గాజు బల్ల, తెల్ల పొడి, పెద్దింటి కొడుకు. మా దగ్గర మత్తు ప్లాస్టిక్ కుర్చీల మీద, పట్టపగలు, సీసాలో ఉంటుంది. పాత పాలమూరులో కల్తీ కల్లు ఏమిటో ఎక్సైజు వారికి, డాక్టర్లకు, తాగేవారికి అందరికీ తెలుసు. తాటి, ఈత చెట్లిచ్చే కల్లుకు, దుకాణాల్లో అమ్ముడుపోయే సీసాలకు లెక్క కుదరదు. ఆ తేడాను నీళ్లతో, చక్కెరతో, మత్తు మందులతో నింపుతారు: ఆల్ప్రజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్. నిజంగా చెట్టెక్కి గీసే గౌడన్నలకు ఇందులో పోయేది పేరు, వచ్చేది ఏమీ లేదు. 2023 ఏప్రిల్‌లో ఇట్లాంటి కల్లు తాగినవాళ్లు పదుల సంఖ్యలో మహబూబ్‌నగర్ ప్రభుత్వ ఆసుపత్రికి చేరారు.

మా పదో తరగతి పిల్లగాడు ఒకడు తండ్రితో పాటు పోయి సీసాలో అడుగు తాగడం మొదలుపెట్టాడు. తర్వాత అడుగు సగమైంది, సగం సీసా అయింది. ఒకసారి దాడులు జరిగి దుకాణం మూడు రోజులు మూసేశారు. నాలుగో రోజు క్లాసులో వాడి చేతులు వణుకుతున్నాయి, గోడతో మాట్లాడుతున్నాడు. 'దయ్యం పట్టింది మేడం' అన్నారు పిల్లలు. సాయంత్రం తాయెత్తు కట్టించారు. రాత్రి తల్లి, ఏదో సీరియల్‌లో చూసినట్టే, మారాలని గదిలో పెట్టి తలుపేసింది. లోపల ఫిట్స్ వచ్చాయి. గొళ్లెం తీసి, ఆటోలో వేసి పెద్దాసుపత్రికి చేర్చేసరికి అర్ధరాత్రి అయింది. బతికాడు.

జీవశాస్త్రం టీచర్‌గా చెప్తున్నాను. ఆల్ప్రజోలం లాంటి మందు మెదడును నిమ్మళపరిచే పని తాను చేస్తుంది. రోజూ అందితే మెదడు ఆ పని తాను చేసుకోవడం తగ్గించుకుంటుంది. ఒక్కసారి ఆపేస్తే పట్టుకునేది ఏదీ ఉండదు, వణుకు, భ్రమలు, ఫిట్స్, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. అందుకే డాక్టర్లు కొలత ప్రకారం మెల్లమెల్లగా తగ్గిస్తారు. మీ కథల్లో మాత్రం చెల్లెలి కన్నీళ్లు చూసి అన్న ఒక్క రాత్రిలో మారిపోతాడు, తెల్లారి గుడికి పోతాడు. మా ఊర్లలో తల్లులు దాన్ని వైద్యం అనుకుంటున్నారు.

2023 సెప్టెంబర్ 1 నుంచి ఓటీటీల్లో సిగరెట్ కనిపిస్తే కింద హెచ్చరిక వేయాలన్న నిబంధన ఉంది, మీరూ వేస్తున్నారు. అదే సీనులో గంజాయి పొగను స్లో మోషన్‌లో, మంచి పాట పెట్టి చూపించినప్పుడు ఆ కింద 14446 అన్న అయిదంకెలకు చోటు దొరకదు. అది మత్తు మాన్పించే సాయానికి ఉన్న జాతీయ ఉచిత ఫోన్ నెంబరు. మా స్టాఫ్ రూములో అడిగితే, పన్నెండు మందిలో ఒక్కరికీ తెలియదు.

6. నడక వేరుగా ఉన్న పిల్లగాడు.

ఎనిమిదో తరగతిలో ఒక బాబు బతుకమ్మ ఆడితే చూడముచ్చటగా ఉండేది. టీవీ కామెడీ షోలలో మగవాళ్లకు చీర కట్టి వేసే జోకులు, పిలిచే పేర్లు ఉన్నాయి కదా, సోమవారం పొద్దున అవే పేర్లు వాడికి. రెండేళ్లు భరించాడు. పది తప్పి హైదరాబాద్ పోయాడు, ఏ పనిలో ఉన్నాడో ఇంట్లో వాళ్లు చెప్పరు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2019లో చట్టం వచ్చింది. మీ స్క్రిప్టులకు మాత్రం అవి ఇంకా చేరలేదు.

7. ముక్కకు సర్టిఫికెట్ ఉండదు.

మీ సిరీస్ మీద 'యు/ఎ 16+' అనో 'ఎ' అనో వయసు గుర్తు ఉంటుంది. మంచిదే. ప్రచారానికి మీరే విడిచే ముప్పై సెకన్ల ముక్క మీద ఏదీ ఉండదు. మా పిల్లలు సిరీస్ చూడరు, అంత డేటా లేదు. ముక్కే చూస్తారు. ముద్దు ఉంటుంది, పొగ ఉంటుంది. ఆరో ఎపిసోడ్‌లో వచ్చే పశ్చాత్తాపం ఉండదు.

'మరి పిల్లల మీద కథలు ఎట్లా తీయమంటారు?' అని అడగవచ్చు. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతుంది, సెలవుల్లో నాకు రెండు చూపించింది. 2019లో మొదలైన అమెరికా సిరీస్ యుఫోరియా. పెద్దల కోసం తీసింది, నగ్నత్వం ఎక్కువ, తళుకూ ఎక్కువ, కళ్ల కింద మెరుపులు పూసుకోవడం తప్ప ఏమీ నేర్చుకోని పిల్లలు అక్కడా ఉండే ఉంటారు. నేను మెచ్చుకుని నెత్తిన పెట్టుకోను. కానీ అది తీసినాయన మత్తుకు బానిసై బయటపడ్డవాడు. రెండో సీజన్‌లో ఒక ఎపిసోడ్ దాదాపు మొత్తం, మందు దొరకని ఆడపిల్ల ఒళ్లు, నోరు ఏమైపోతాయో చూపిస్తుంది. అమ్మను తిట్టిన తిట్లు, తలుపు విరగ్గొట్టడం, వీధుల్లో పరుగు. అది చూస్తుంటే నాకు మా పదో తరగతి పిల్లగాడే కనిపించాడు.

రెండోది 2025 మార్చిలో వచ్చిన బ్రిటన్ కథ అడాలసెన్స్. నాలుగే ఎపిసోడ్లు, ఒక్కోటి మధ్యలో కోత లేకుండా ఒకే బిగిన తీశారు. పదమూడేళ్ల పిల్లగాడు తన బడి పిల్లను చంపిన కేసు. పిల్లలు ఇన్‌స్టాలో పెట్టుకున్న బొమ్మల అర్థం దర్యాప్తు చేసే అధికారికి అంతుబట్టదు, ఆయన కొడుకే కూర్చోబెట్టి చెప్తాడు. అక్కడి హైస్కూళ్లలో దాన్ని ఉచితంగా చూపించే ఏర్పాటు చేశారు. ఇందులో కోట్ల ఖర్చుతో కూడిన విద్య ఏమీ లేదు. పిల్లల మాట వినడానికి ఎవరో కూర్చున్నారు, అంతే. ఆ కథలను ఎత్తుకొచ్చి అచ్చంపేటలో పెట్టమని మాత్రం అనడం లేదు, దయచేసి ఆ పని చేయకండి.

మా డిమాండ్లు ఇవి. మా బడిలో తొమ్మిది మంది టీచర్లం, ఇద్దరు అంగన్‌వాడీ టీచర్లు, ఒక ఆశా కార్యకర్త కూర్చుని రాసుకున్నాం.

ఒకటి. ఫొటోలతో బెదిరింపు కథ నడిపితే, ఆ కథ లోపలే ఎవరో ఒక పాత్ర సైబర్ నేరాల నెంబరు 1930కి గాని 1098కి గాని ఫోన్ చేయాలి. అడుగున పరుగెత్తే అక్షరాలు చాలవు, మా నాయనమ్మలు చదవలేరు.

రెండు. ఆ కథ పెండ్లితో ముగియకూడదు. ఇంట్లో ఒక్క పెద్దమనిషన్నా, తాత గాని మేనత్త గాని, 'తప్పు నీది కాదు బిడ్డా' అనాలి. ఆ మాట మీ తెర మీద వినబడితే మా పని సగం తగ్గుతుంది.

మూడు. మత్తు మానే సీను రాసేముందు ఒక మానసిక వైద్యుడికి చూపించండి. గదిలో పెట్టి తాళం వేసే సీన్లు ఇప్పటికిప్పుడు ఆపండి. 14446 వేయండి, మనసు బాగాలేనివాళ్లకు 14416 టెలీమానస్ కూడా వేయండి.

నాలుగు. చావును ప్రేమకు సాక్ష్యంగా చూపించకండి. తెర మీద ఆత్మహత్యను ఎట్లా చూపాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే మీ వృత్తివారి కోసం పుస్తకం వేసింది, తెప్పించుకోండి.

ఐదు. ప్రచార ముక్కల మీద కూడా వయసు గుర్తు వేయండి.

ఆరు. మా జిల్లాల నుంచి రాసేవాళ్లను తీసుకోండి. డైలాగులకు యాస పూయడానికి కాదు, కథ కూర్చే గదిలో కూర్చోవడానికి. డాక్టర్ పాత్రకు, హెడ్‌మాస్టర్ పాత్రకు మా మాట ఇవ్వండి.

ఏడు. ఫిర్యాదుకు పదిహేను రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వండి. కాదంటే కాదనండి, ఎందుకు కాదో రాయండి.

జనవరి నెలాఖరు దాకా చూస్తాం. అప్పటికీ ఉలుకు పలుకు లేకపోతే ఈ లేఖనే, మా బడి పిల్లల ఇంటి పెద్దల సంతకాలతో, వేలిముద్రలతో, ఢిల్లీలో సమాచార ప్రసార శాఖకు పంపుతాం. వేలిముద్రలే ఎక్కువ ఉంటాయి, వాళ్లే మీ సీరియళ్లు చూసేది.

మీ రచయితలెవరైనా వచ్చి పిల్లలతో మాట్లాడతామంటే సంతోషం. కెమెరా వద్దు. మధ్యాహ్న భోజనం మా పిల్లలతోనే, గుడ్డు ఉన్న రోజైతే ఇంకా మంచిది. నేనెవరో, ఎక్కడుంటానో ఇందులో రాయలేదు గాని, మీ దగ్గర నా ఫిర్యాదు నెంబరు ఉంది, దాంట్లో చిరునామా ఉంది. వెతికితే దొరుకుతుంది. రెండో శనివారం మాత్రం రాకండి, ఆ రోజు బడి ఉండదు.

ఇట్లు,
ఒక ప్రభుత్వ బడి టీచర్
నాగర్‌కర్నూల్ జిల్లా